ప్రభుత్వం దగ్గర డేటా అంతా ఉందిగా, కలిపేస్తే సర్వేలెందుకు?

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. మీరు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి ఈమధ్యే మండలంలో గణాంక ఉద్యోగంలో చేరారు. రేషను, పెన్షను, బడి, ఆసుపత్రి, భూమి, ఉపాధి హామీ అంటూ ఒక్కో శాఖ దగ్గర ఒక్కో జాబితా కనిపిస్తోంది. "వీటన్నిటినీ ఆధార్‌తో కలిపేస్తే ఇంటింటి సర్వేలూ జనగణనా దండగ కదా? ఎందుకు కలపడం లేదు? కలిపితే జనం వివరాలు బయటికి పోతాయన్న భయంలో నిజమెంత?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. కలపొచ్చు, చాలాచోట్ల కలపాలి కూడా. కాకపోతే లెక్క కోసం కలిపింది లెక్క దగ్గరే ఆగాలి. అది తిరిగి ఏ ఒక్క మనిషి మీదికీ పోకూడదు. ఈ షరతు తప్పిన రోజు జనానికి అన్యాయం జరుగుతుంది, మన లెక్కలూ చెడిపోతాయి. ఇక సర్వేల సంగతి. జాబితాలు బాగుపడితే సర్వేల భారం తగ్గుతుందే గానీ అవి పూర్తిగా పోవు. ఎందుకో నా అనుభవంలోంచి చెప్తాను. నేను మండలంలో మొదలుపెట్టి, జిల్లాలో చాలా ఏళ్లు చేసి, చివరికి రాష్ట్ర కార్యాలయంలో రిటైరయ్యాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మీరు రోజూ చూసే జాబితాల స్వభావం గురించి. శాఖల రిజిస్టర్లలో ఉండేది ఊళ్లో ఉన్న జనం మొత్తం కాదు. ఆ శాఖ కౌంటరు దగ్గరికి వచ్చి, ఆ శాఖ నియమాలకి సరిపోయినవాళ్లు మాత్రమే. పథకం నియమం ఎలా ఉంటే రిజిస్టరు అలా తయారవుతుంది. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజనుకి 4,000 రూపాయలు పట్టాదారుకే వేశారు, కౌలు రైతుకి లేదు. ఆ జాబితా పట్టుకుని "సాగు చేసేవాళ్లు ఇంతమంది" అని రాస్తే, హైదరాబాద్ అపార్ట్‌మెంటులో ఉండే పట్టాదారు రైతుగా లెక్కకొస్తాడు. ఆయన పొలంలో నాట్లు వేయించి, ఎరువు అప్పు తెచ్చి, పంట పోతే నష్టపోయే కౌలుదారు ఎక్కడా కనపడడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలుదారులకి పంట సాగు హక్కు పత్రాలు ఇస్తున్నారు, అవి 11 నెలలు చెల్లుతాయి. అందులోనూ పట్టాదారు సంతకం పెట్టడానికి ఒప్పుకుంటేనే కౌలుదారు జాబితాకి ఎక్కుతాడు. ఒప్పుకోని చోట సాగు జరుగుతూనే ఉంటుంది, కాగితం ఉండదు. ఆ లోటు ఎంతో తెలియాలంటే పొలం గట్టు మీదికి వెళ్లి అడగాల్సిందే.

"కుటుంబం" అన్న మాటా అంతే. జనగణనలో, నమూనా సర్వేల్లో ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. రేషను కార్డులో కార్డు మీద పేర్లున్నవాళ్లు, ఉపాధి హామీలో జాబు కార్డు మీద ఉన్నవాళ్లు. కొడుక్కి పెళ్లవగానే కొత్త కార్డుకి అర్జీ పెట్టి, ఒకే పొయ్యి మీద తింటూ రెండు కార్డులున్న ఇళ్లు మీ మండలంలోనే బోలెడు చూస్తారు. ఎవరూ అబద్ధమాడటం లేదు, ఆ శాఖ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్తున్నారంతే. ఈ మూడు రకాల కుటుంబాల్నీ ఒకే గాటన కట్టేసి సగటు కుటుంబం ఎంతమంది అని లెక్క తీస్తే అది కాకి లెక్క.

ఇప్పుడు కలపడం అన్న పని దగ్గర్నుంచి చూద్దాం. దీనికి జననాల లెక్కని మించిన పాఠం లేదు, మీకు చేతికందేదీ అదే.

ఒక ఊళ్లో పుట్టిన బిడ్డ కనీసం మూడు చోట్ల కాగితానికి ఎక్కాలి. జనన మరణాల రిజిస్టరులో (1969 చట్టం ప్రకారం 21 రోజుల్లోపు), ఊళ్లో ఆరోగ్యం చూసే నర్సు, అదే ఏఎన్‌ఎం, రిజిస్టరులో, అంగన్‌వాడీ రిజిస్టరులో. మూడింటినీ పక్కపక్కన పెడితే సరిపోవాలి కదా? సరిపోవు. మొదటి కారణం మన ఆచారమే. తొలికాన్పు పుట్టింట్లో. అమ్మాయి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికొస్తుంది, కాన్పు ఆ ఊరి దగ్గర ఆసుపత్రిలో జరుగుతుంది. జనన నమోదు మాత్రం బిడ్డ పుట్టిన చోట జరుగుతుంది. అంటే బిడ్డ అమ్మమ్మగారి ఊరి పక్క టౌను మున్సిపాలిటీ రిజిస్టరుకి ఎక్కుతుంది. గర్భిణిగా ఆమె పేరు అత్తగారి ఊరి ఏఎన్‌ఎం దగ్గర ఉంటుంది. మూడో నెలకో అయిదో నెలకో బిడ్డని తీసుకుని అత్తగారింటికి వెళ్లాక అక్కడి అంగన్‌వాడీలో పేరు రాయిస్తారు. ఒక బిడ్డ, మూడు చోట్లు, ఒక్కోసారి రెండు జిల్లాలు.

రెండోది, బిడ్డకి పేరుండదు. బారసాల కాకముందే నమోదు జరిగిపోతుంది కాబట్టి రిజిస్టరులో "ఆడ శిశువు" అని, తల్లి పేరుతో ఉంటుంది. పేరు తర్వాత చేర్చుకోవచ్చని చట్టమే చెప్తోంది: ఏడాదిలోపు ఉచితంగా, ఆపైన 15 ఏళ్ల దాకా రుసుము కట్టి. చాలామంది బడిలో చేర్చేటప్పుడు గానీ ఆ పని చేయరు. అందుకని మనం కలపాల్సింది బిడ్డ పేరుతో కాదు, తల్లి పేరుతో. ఆ తల్లి పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోచోట అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. మూడోచోట ఇంటిపేరే లేకుండా వట్టి "లక్ష్మి".

నా మొదటి పోస్టింగులో ఒక మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు వరండాలో ఈ మూడు రిజిస్టర్లూ పరుచుకుని కూర్చున్నాం: నేను, కార్యదర్శి, ఏఎన్‌ఎం. నాకు ఏ మాత్రం సరిపోని పేర్లని ఆ ఏఎన్‌ఎం అమ్మ రిజిస్టరు చూడకుండానే జతపరిచేసింది. "ఈ నూకాలమ్మా ఆ వరలక్ష్మీ ఒకరే సార్, ఇంట్లో ఒక పేరు, కార్డులో ఒక పేరు" అని. ఆ వరండాలో నేర్చుకున్నంత నేను తర్వాత ఏ శిక్షణలోనూ నేర్చుకోలేదు. ఏ ప్రోగ్రామూ చేయలేని జత అది.

ఇక్కడ మన దేశం గర్వపడాల్సిన సంగతి ఒకటి చెప్పాలి. రెండు అసంపూర్ణమైన జాబితాల్ని కలిపి, రెండింట్లోనూ లేనివాళ్లు ఎంతమందో అంచనా కట్టే పద్ధతిని 1949లో మన సి. చంద్రశేఖరన్, అమెరికా గణాంకవేత్త డెమింగ్ కలిసి ప్రచురించారు. కలకత్తా దగ్గర సింగూరు ఆరోగ్య కేంద్రం ప్రాంతంలోని జనన మరణాల మీద చేసిన పని అది. చాలా తేలిక. గుండ్రటి అంకెలతో చూడండి. రిజిస్టరులో 80 జననాలున్నాయి. మీరు ఇంటింటికీ తిరిగితే 90 దొరికాయి. రెండింట్లోనూ ఉన్నవి 72. 80ని 90తో గుణించి 72తో భాగిస్తే 100. అంటే అసలు జననాలు 100 ఉండొచ్చు. రెండు జాబితాలూ కలిపితే 98 కనిపించాయి, రెండు ఎవరికీ చిక్కలేదు.

ఇప్పుడు అసలు కిటుకు. ఆ 72 జతల్లో పేరు తేడా వల్ల నాలుగింటిని మీరు గుర్తుపట్టలేదనుకోండి. జతలు 68. అదే లెక్క వేస్తే 106 వస్తుంది. నాలుగు జతలు తప్పిపోతే ఆరుగురు లేని పిల్లలు పుట్టుకొచ్చారు. కలపడంలో జరిగే తప్పు అంకెలో ఎలా ఉబ్బుతుందో ఇంతకన్నా తేటగా చూపించలేను. ఇంకో షరతు కూడా ఉంది: రెండు జాబితాలూ దేనికది విడిగా తయారవ్వాలి. ఏఎన్‌ఎం రిజిస్టరు చూసి కార్యదర్శి నమోదు చేసుకుంటే అవి రెండు జాబితాలు కావు, ఒకే జాబితాకి రెండు నకళ్లు. అప్పుడు జతలు బ్రహ్మాండంగా కుదురుతాయి, నమోదు వందకి వంద అని రిపోర్టు వెళ్తుంది. ఒడిశా బొలంగీర్ వైపు నుంచి ఇటుక బట్టీలకి వచ్చిన కుటుంబంలో బట్టీ పక్క గుడిసెలో పుట్టిన బిడ్డ ఆ రెండింట్లోనూ ఉండదు.

దేశంలో జననాల రేటు, శిశు మరణాల రేటు చెప్పే నమూనా నమోదు పద్ధతి, అదే ఎస్ఆర్ఎస్, ఇప్పటికీ ఈ ఆలోచన మీదే నడుస్తోంది. ఊళ్లో ఒకరు ఏడాది పొడుగునా రాసుకుంటూ ఉంటారు. ఆరు నెలలకోసారి సూపర్‌వైజరు వచ్చి, ఆ పుస్తకం చూడకుండా ఇంటింటికీ తిరిగి విడిగా రాస్తాడు. తర్వాత రెండూ కలుపుతారు. జత కుదరనివాటిని మళ్లీ ఊళ్లోకి వెళ్లి తేల్చుకుంటారు. అంటే డేటా కలపడం కంప్యూటర్లతో వచ్చిన కొత్త విద్యేమీ కాదు, మన గణాంక శాఖలు అయిదారు దశాబ్దాలుగా చేస్తున్నదే.

"అదంతా ఎందుకండీ, ఆధార్ నంబరు ఉందిగా" అంటారు మీరు. ప్రశ్నలో అన్నారు కూడా.

పుట్టిన బిడ్డకి ఆ రోజు నంబరుండదు. చనిపోయినవాళ్ల నంబరు రాయించాలన్న ధ్యాస ఇంటివాళ్లకి ఉండదు. ఉన్నచోట్ల కూడా, సీడింగు, అంటే జాబితాలకి ఆధార్ నంబర్లు ఎక్కించే పని, జరిగిన రోజుల్లో టార్గెట్లు పూర్తి చేయాలన్న తొందరలో కొడుకు నంబరు తండ్రి కార్డుకి, ఇంట్లో ఒకరి నంబరు ఇద్దరికి ఎక్కిన సందర్భాలు నేను చూశాను. పైగా నంబరు రెండు చోట్లా ఒకటే ఉన్నంత మాత్రాన మిగతా వివరాలు నిజమైపోవు. పుట్టినతేదీ తెలియనివాళ్లకి ఆధార్‌లో ఏడాది మాత్రమే ఉండి, వేరే జాబితాకి వెళ్లేసరికి అది జనవరి 1 అవుతుంది. బడి రిజిస్టర్లలో మన పాత తరం సగం మంది జూన్‌లో పుట్టినవాళ్లే, బడి తెరిచే రోజుకి అయిదేళ్లు నిండాలని మాస్టారు వేసిన తేదీలవి. మీ ఊళ్లో వయసుల పట్టిక వేసి చూడండి. 50, 55, 60 దగ్గర గుట్టలు, మధ్యలో గుంటలు. రిజిస్టర్లు కలిపితే ఆ గుట్టలు కరగవు.

ఇంగ్లీషు అక్షరాల్లో మన పేర్ల గోల వేరే ఉంది. "లక్ష్మి"లో క్ష కోసం ఒకరు ఎక్స్ వేస్తారు, ఇంకొకరు కె, ఎస్, హెచ్ వేస్తారు. "చౌదరి"కి ఎన్ని స్పెల్లింగులున్నాయో లెక్కపెట్టలేం. ఉచ్చారణని బట్టి పేర్లు కలిపే సౌండెక్స్ అనే పద్ధతి చాలా సాఫ్ట్‌వేర్లలో తయారుగా ఉంటుంది. అది 1918లో అమెరికాలో పేటెంటు పొందింది, అక్కడి పేర్ల కోసం పుట్టింది. మొదటి అక్షరాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మన పేర్లలో మొదటి అక్షరం ఒకచోట ఇంటిపేరుది, ఇంకోచోట సొంత పేరుది. అందుకే దాన్ని నమ్ముకుని నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఇంతకన్నా మంచి దారి 1969లో కెనడా గణాంక సంస్థలో పనిచేసిన ఫెల్లెగి, సంటర్ చూపించారు. ఏ అంశం కలిసిందన్నదానికి బరువు కట్టాలంటారు వాళ్లు. "లక్ష్మి" అన్న పేరు కలిస్తే అది చెప్పేది తక్కువ, ఊరికి పాతికమంది ఉంటారు. అరుదైన ఇంటిపేరు కలిస్తే చాలా చెప్తుంది. ఆ బరువుల్ని మీ జిల్లా పేర్లతో మీరే కట్టుకోవాలి. శ్రీకాకుళంలో అప్పలనాయుడుకుండే బరువు కర్నూలులో ఉండదు.

ఊళ్ల కోడ్ల గురించి ఒక్క ముక్క. మనుషుల్ని కలపలేకపోయినా ఊరి స్థాయిలో కలపొచ్చు కదా అని చాలామంది మొదలుపెడతారు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26. తండాలు పంచాయతీలయ్యాయి. రెవెన్యూ గ్రామం ఒకటి, పంచాయతీ ఇంకోటి, ఆవాసం మరోటి. 2011 జనగణన కోడ్లలో ఏది ఇప్పటి ఏ పంచాయతీ కోడో చూపే పట్టిక లేకుండా ఎంత పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టినా మూడో నెలలో ఆగిపోతుంది. మీ మండలం వరకు ఆ పట్టిక మీరే తయారు చేసి పెట్టుకోండి, వారం పని. తర్వాత వచ్చేవాళ్లు మీకు దండం పెడతారు.

ఇన్ని ఇబ్బందులు చెప్పాను కాబట్టి కలపొద్దంటున్నానని అనుకోకండి. కలిపితే ఏమవుతుందో దేశమంతా చూసిన ఉదాహరణ ఉంది. బడుల లెక్క యుడైస్ ప్లస్. ఒకప్పుడు బడికి ఇంతమంది అని మొత్తం అంకె పంపేవాళ్లు. 2022-23 నుంచి ఒక్కో విద్యార్థి వివరాలు విడిగా తీసుకుంటున్నారు. 2021-22లో దేశంలో 26.52 కోట్లుగా ఉన్న నమోదు 2023-24లో 24.80 కోట్లుగా వచ్చింది. పిల్లలు బడి మానేశారని చాలామంది కంగారుపడ్డారు. పద్ధతి మారింది కాబట్టి పాత అంకెలతో నేరుగా పోల్చకూడదని శాఖే చెప్పింది. ప్రభుత్వ బడిలోనూ ప్రైవేటు బడిలోనూ రెండుచోట్లా పేరున్న పిల్లలు మన ఊళ్లలో ఎంతమందో పంతుళ్లకి ఎప్పట్నుంచో తెలుసు. తగ్గుదలలో ఇలాంటి డూప్లికేట్ల వాటా ఎంత, నిజంగా మానేసిన పిల్లల వాటా ఎంత అన్నది తేలాలంటే మాత్రం మళ్లీ ఇళ్లకి వెళ్లాలి. జాబితా ప్రశ్నని పదును పెట్టింది, జవాబు సర్వే దగ్గరే ఉంది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, వివరాలు బయటికి పోతాయన్న భయం. నాకు ముఖ్యమైనది ఇదే.

జిల్లాలో పనిచేసేటప్పుడు మరణాల నమోదు ఎంత పూర్తిగా జరుగుతోందో తెలుసుకోవాలని ఒక మండలంలో పెన్షను జాబితాని మరణాల రిజిస్టరుతో పోల్చాం. మాకు కావలసింది ఒకే ఒక శాతం. ఆ పని జరుగుతోందని తెలిసి వేరే శాఖవాళ్లు ఉత్తరం రాశారు: "మరణాల రిజిస్టరులో ఉండి పెన్షను తీసుకుంటున్నవారి పేర్లు పంపండి" అని. దుర్వినియోగం ఆపుదామన్న మంచి ఉద్దేశమే. పంపకూడదని నాకు అనిపించింది, కానీ గట్టిగా చెప్పలేదు. జాబితా జతచేసిన ఉత్తరం మీద సంతకం నాదే.

ఆ జాబితాలో ఉన్న ఒక ముసలామె బతికే ఉంది. పేరు, భర్త పేరు, ఇంచుమించు వయసు పక్క పల్లెలో చనిపోయిన ఇంకొకావిడతో కలిశాయి. పెన్షను నాలుగు నెలలు ఆగింది. సంగతి తెలిసి నేను వాళ్లింటికి వెళ్లాను. ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచుకున్న బ్యాంకు పాసుబుక్కు తీసి నా చేతిలో పెట్టి, "నేను సచ్చిపోయానని రాసిందెవరు బాబూ?" అని అడిగింది. నేనని చెప్పడానికి నోరు రాలేదు. పెన్షను తిరిగి వచ్చే దాకా తిరిగాను, వచ్చింది. ఆ తర్వాతి ఏడాది అదే ఊళ్లో కుటుంబ ఖర్చుల నమూనా సర్వేకి మావాళ్లు వెళ్తే ఇంటింటా ఒకటే జవాబు: "ఏం లేదు." పశువులున్నాయా, లేవు. పొలం ఉందా, లేదు. పనికి బయటికెళ్లినవాళ్లున్నారా, లేరు. ఆ ఊరి షెడ్యూళ్లు, అంటే నింపిన సర్వే ఫారాలు, పనికిరాకుండా పోయాయి.

ఇందులో గణాంకం చదివినవాళ్లకి ఒక పాఠం ఉంది. మా శాతంలో ఆ ఒక్క తప్పుడు జత వల్ల తేడా దాదాపు సున్నా. వందకి రెండు మూడు తప్పుడు జతలున్నా ఎంత తప్పు ఉండొచ్చో లెక్కగట్టి సరిదిద్దుకుంటాం. అదే జత మనిషి మీద నిర్ణయానికి వాడితే, తప్పు జరిగిన మనిషికి అది వందకి వంద తప్పు. లెక్కకి చాలినంత మంచి జత నిర్ణయానికి చాలదు. రెండు పనులకీ ఒకే పనిముట్టు వాడకూడదు. తెలంగాణలో లక్షల రేషను కార్డులు రద్దయిన విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన కార్డులని ఊళ్లోకి వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. ఎందుకు చెప్పిందో నాకు ఆ పాసుబుక్కు పట్టుకున్న రోజే అర్థమైంది.

భయమే కాదు, ఆశ కూడా లెక్కని చెడగొడుతుంది. 2014 ఆగస్టు 19 మీకు గుర్తుండకపోవచ్చు, చిన్నవారు. తెలంగాణ అంతటా ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే. ముంబై, భివండి, సూరత్ నుంచి జనం బస్సులూ రైళ్లూ పట్టుకుని సొంతూళ్లకి వచ్చారు. ఆ రోజు ఇంట్లో కనపడకపోతే పథకాలు పోతాయన్న మాట అంతటా పాకింది. 2011 జనగణనలో 83 లక్షల పైచిలుకు ఉన్న కుటుంబాలు ఆ సర్వేలో కోటి దాటాయి. మూడేళ్లలో నిజంగా కొంత పెరిగి ఉంటాయి. కానీ పథకం కళ్లముందు పెట్టి అడిగితే కుటుంబాలు చీలతాయి, వలస వెళ్లినవాళ్లు ఒక రోజుకి స్థానికులవుతారు. అందుకే వలసల గురించి ఆ అంకెల్ని చూసేటప్పుడు ఆ రోజు బస్టాండ్లని గుర్తు తెచ్చుకుంటాను.

డేటా కలపడంలో ముందున్న దేశాలు ఈ సంగతి బాగా తెలుసుకున్నాయి. డెన్మార్క్‌లో 1968 నుంచి ప్రతి మనిషికీ ఒక నంబరుంది. 1981లో ఇంటికెవరూ వెళ్లకుండా పూర్తిగా రిజిస్టర్లతోనే జనగణన చేశారు. 1990లో ఫిన్లాండ్ అదే చేసింది. ఈ దేశాల్లో గణాంక సంస్థలు పాటించేది ఏకముఖ మార్గం: శాఖల నుంచి గణాంక సంస్థకి డేటా వెళ్తుంది. గణాంక సంస్థ నుంచి మనిషి వివరం ఏ శాఖకీ వెనక్కి రాదు, పన్ను శాఖ అడిగినా రాదు. జర్మనీలో 1983 జనగణన చట్టంలో, జనగణనలో వచ్చిన వివరాలతో మున్సిపాలిటీలు తమ నివాసుల రిజిస్టర్లు సరిచేసుకోవచ్చన్న నిబంధన పెట్టారు. జనం తిరగబడ్డారు. 1983 డిసెంబరు 15న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనని కొట్టేసింది. జనగణన 1987లో గానీ జరగలేదు. రిజిస్టరు సరిచేసుకోవడం చూడటానికి ఎంత చిన్న పనో, దాని వల్ల ఎన్నేళ్లు పోయాయో చూడండి.

మన చట్టాల్లోనూ ఈ ఏకముఖ మార్గం ఉంది, మనమే గుర్తుంచుకోం. 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం ఎన్యూమరేటరు, అంటే ఇంటికొచ్చి వివరాలు రాసుకునే మనిషి, రాసిన రికార్డుని ఎవరూ తీసి చూడటానికి వీల్లేదు, దాన్ని కోర్టులో సాక్ష్యంగానూ తీసుకోరు. 2008 గణాంకాల సేకరణ చట్టం కింద ఇచ్చిన సమాచారం గణాంక అవసరాలకే వాడాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకీ గణాంకాలకీ మినహాయింపు ఉంది. దానికి పెట్టిన షరతు చూడండి: ఆ డేటాతో ఏ ఒక్క వ్యక్తి మీదా ప్రత్యేకంగా నిర్ణయం తీసుకోకూడదు. నేను పైన చెప్పిన మాటే. రేపు ఏ శాఖైనా మీకు నేను అందుకున్నలాంటి ఉత్తరం రాస్తే ఈ మూడు చట్టాల పేర్లూ రాసి, శాతం మాత్రం పంపిస్తాం, పేర్లు పంపలేం అని జవాబివ్వండి. నాకా రోజు ఈ ధైర్యం లేకపోయింది.

ఇంకోవైపు 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం వేరే దారిలో వెళ్తుంది, అదీ తెలిసి ఉండాలి. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణ ప్రకారం జనన మరణాల డేటాబేసుని ఓటర్ల జాబితా, రేషను లాంటివి చూసే అధికారులతో పంచుకోవడానికి వీలుంది. అది పరిపాలన కోసం చేసిన ఏర్పాటు. బిడ్డ సర్టిఫికెట్టు కోసం ఊరూరా తిరగకుండా అది పనికొస్తే మంచిదే. అందులో తప్పు జరిగితే మనిషికి ముందుగా చెప్పాలి, వినాలి, సరిదిద్దాలి. గణాంకాల కోసం చేసే కలపడం అది కాదు. ఒకే కంప్యూటరు మీద రెండూ జరుగుతున్నా రెండు వేరు వేరు గదుల్లో జరగాలి.

ఆ గదులు ఎలా ఉండాలో క్లుప్తంగా. పేర్లూ నంబర్లూ ఒకరి దగ్గర, జబ్బూ ఆదాయమూ కులమూ లాంటి వివరాలు ఇంకొకరి దగ్గర. జతలు కట్టేవాళ్లకి వివరాలు కనపడవు, లెక్కలు తీసేవాళ్లకి పేర్లు కనపడవు. మధ్యలో నడిచేది అర్థంలేని ఒక గుర్తు సంఖ్య, ఆధార్ నంబరు కాదు. అచ్చువేసే పట్టికలో ఒక గడిలో ఒకరో ఇద్దరో ఉంటే ఆ గడి మూసేయాలి. "ఫలానా ఊళ్లో క్షయ ఉన్న వితంతువులు: 1" అని వేస్తే మీరు పేరు రాయకపోయినా ఊరంతటికీ పేరు తెలిసిపోతుంది. ఊరి స్థాయి పట్టికల్లో ఈ తప్పు మనవాళ్లు తెలియక చాలాసార్లు చేస్తారు.

జనగణన దండగా అన్న మాటకి న్యూజిలాండ్ సంగతి చెప్తాను. 2018లో అక్కడ ఆన్‌లైన్ జనగణనకి స్పందన తగ్గి, జవాబివ్వనివాళ్లని శాఖల రికార్డులతో పూరించారు. మొత్తం అంకె నిలబడింది. కానీ అక్కడి మూలవాసులైన మావోరీల్లో జవాబిచ్చినవాళ్లు మరీ తక్కువ, వాళ్ల గురించి రికార్డులు చెప్పగలిగేదీ తక్కువే. 2030 నుంచి పాత పద్ధతి జనగణన మానేసి రికార్డులతో, సర్వేలతో నడుపుతామని 2025లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. వాళ్లకి ఆ మౌలిక రికార్డులు దశాబ్దాలుగా ఉన్నాయి. మనకి నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి 2020లో నూటికి 22 చిల్లర మాత్రమే. ఆ రిజిస్టరు ఆధారంగా ఏ జబ్బుతో ఎంతమంది పోతున్నారో చెప్పలేం. 2027 మార్చి 1 తేదీతో జరగబోయే జనగణన మనకి కావాలి. అందులో దొరికిన ఊరి అంకెలతో మన రిజిస్టర్లలో ఎవరు లేరో మొదటిసారి 16 ఏళ్ల తర్వాత కొలుచుకోగలుగుతాం.

చివరిగా మీరు ఎక్కడ మొదలుపెట్టాలో. పెద్ద సాఫ్ట్‌వేరు జోలికి పోకండి. మీ మండలంలో ఒక్క పంచాయతీ తీసుకుని, మీ అధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, గత ఏడాది జననాల రిజిస్టరునీ అంగన్‌వాడీ రిజిస్టరునీ చేత్తో జతపరచండి. కార్యదర్శినీ ఏఎన్‌ఎంనీ అంగన్‌వాడీ టీచరునీ పక్కన కూర్చోబెట్టుకోండి. కుదరని పేర్లున్న ఇళ్లకి వెళ్లి చూడండి. కాగితాలు ఆ ఆఫీసు దాటి రానివ్వకండి. అయ్యాక ఇక్కడే రాయండి: మొదటి జాబితాలో ఎన్ని, రెండో జాబితాలో ఎన్ని, రెండింట్లో ఎన్ని. పేర్లొద్దు, ఊరి పేరు కూడా వద్దు, ఆ మూడు అంకెలు చాలు. మిగతా లెక్క ఇద్దరం కూర్చుని వేద్దాం.